రెండో పాయింట్ గార్డ్

మా బాస్కెట్‌బాల్ జట్టులో నాది బెంచీ. అందుకు నాకేమీ సిగ్గు లేదు. బంతిని ముందుకు నడిపి, ఎవరికి ఎప్పుడు అందించాలో చూసుకునేవాణ్ణి పాయింట్ గార్డ్ అంటారు. అతను అలిసిపోతే దిగేది నేను. మ్యాచ్‌కి ఆరేడు నిమిషాలు. వాటి కోసం డ్యూటీలు మార్చుకుని, బంధువుల పెళ్లిళ్లు ఎగ్గొట్టి, ఆదివారం పొద్దున్నే శంషాబాద్ గ్రౌండ్‌కి చేరేవాణ్ణి.

జట్టులో అందరం ఎయిర్‌పోర్టులో విమానాల దగ్గర సామాను ఎక్కించి దించేవాళ్లమే. గ్రౌండ్ మీదుగా విమానాలు దిగుతుంటే గొంతు చించుకున్నా వినపడదు. అందుకే చేతి సైగలు పెట్టాం. అవన్నీ నేను కూర్చినవే. పిడికిలి చూపిస్తే ఒక ఎత్తుగడ, చెవి పట్టుకుంటే ఇంకో ఎత్తుగడ.

అప్పుడు కార్గో ఆఫీసు నుంచి ఒక కుర్రాడు జట్టులోకి వచ్చాడు. నాకంటే ఆరేళ్లు చిన్న. ఎక్కణ్ణుంచి విసిరినా బంతి బాస్కెట్‌లోనే పడేది. పడనీ, పాయింట్లు కొట్టడం అతని పని అనుకున్నాను. ఒకరోజు కోచ్ నన్ను పక్కకు పిలిచాడు.

"ఇగ రెండో పాయింట్ గార్డ్‌గా కూడా వాణ్ణే ఆడిపిద్దాం. నువ్వు జర సైగలు నేర్పియ్."

ఒళ్లు మండిపోయింది. బంతి చేతికొస్తే పక్కవాడి మొహం చూడనివాడు బంతి పంచుతాడట! అది నేను నేర్పాలట!

నేర్పాను. బుద్ధిగా నేర్చుకున్నాడు, అదీ నాకు నచ్చలేదు. ఆఖరికి తనే ఒక కొత్త సైగ కనిపెట్టాడు. రెండు చేతులూ తలపైకెత్తి ఒకదానికొకటి అడ్డంగా పెడితే, చివరనున్న ఇద్దరూ అటువాడు ఇటు, ఇటువాడు అటు మారాలట.

"మంచిగుందా అన్నా?"

విమానాన్ని ఆపడానికి చూపించే సైగ అది. అది కనిపిస్తే మా వాళ్ల కాళ్లు వాటంతటవే ఆగిపోతాయి. ఆఫీసులో కూర్చునేవాడికి ఆ సంగతి తెలియదు.

"మస్తుంది. మిగిలినోళ్లకు నేను చెప్త" అన్నాను. ఎవరికీ చెప్పలేదు.

తుక్కుగూడ జట్టుతో మ్యాచ్. రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. ఆఖరి నిమిషంలో, బంతి మావాడొకడి చేతిలో ఉండగా, అతను చేతులు పైకెత్తి అడ్డంగా పెట్టాడు. మా నలుగురూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోయారు. ఎదుటివాడు బంతి లాక్కుపోయాడు. బెంచీ మీద నాకు లోలోపల పండగే.

మ్యాచ్ అయ్యాక కోచ్ అందరి ముందూ అతని మీద విరుచుకుపడ్డాడు.

"ఏందిరా గా సైగ? ఎవలు పెట్టమన్నరు?"

అతను ఒక్కసారి నా వైపు చూశాడు.

"నేనే సార్. అన్న వద్దనే చెప్పిండు. నేనే ఇనలే."

కోచ్ నా భుజం తట్టి, వచ్చే ఆదివారం నుంచి మళ్లీ నువ్వే దిగు అన్నాడు. సరే సార్ అన్నాను.

ఆ ఆదివారం దిగాను. ఆరేడు నిమిషాలూ నావే. నేను బంతి అందించినప్పుడల్లా కోచ్ కూర్చోబెట్టిన బెంచీ మీద నుంచి అతను "శభాష్ అన్నా" అని అరిచాడు. విమానాలేవీ లేవు, ప్రతిసారీ స్పష్టంగా వినపడింది. అతని ఆట చూసి కుళ్లుకున్న రోజుల్లో కనీసం ఇంకొంచెం సాధన చేద్దామని ఉండేది. ఈ మంచితనం చూసి కుళ్లుకుంటుంటే ఏం చేయాలో తెలియడం లేదు. కోచ్‌కి నిజం ఇప్పటికీ చెప్పలేదు.