నాయన తుపాకి, మోటారు రూము తలుపు

ఎలక్షన్లంటే అందరికీ జెండాలూ మైకులూ గుర్తొస్తాయేమో గానీ, నాకు మాత్రం మా నాయన వేట తుపాకీని దుప్పట్లో చుట్టి ఆటోలో వేసుకుని తిరుత్తణి పోలీసు స్టేషనుకు పోవడమే గుర్తొస్తుంది. లైసెన్సు ఉన్నవాళ్లంతా ఓట్ల పండగ ముగిసేదాకా తుపాకులు అక్కడ అప్పజెప్పాలి గదా. మొన్న కూడా పోయినాను. డెబ్బయ్యేళ్ల ఆడమనిషి బల్ల మీద రైఫిలు పెడితే, అక్కడి కుర్ర పోలీసు లైసెన్సులో ఉన్న నా ఫోటోనూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, "సార్ వరలయామ్మా?" అని, సారు రాలేదా అన్నట్టు నా వెనక వెదికినాడు. ఏ సారు నాయనా? మా సారు దీపావళి టపాకాయకే చెవులు మూసుకునే మనిషి. తిరువళ్ళూరు కలెక్టరాఫీసుకు రెన్యువలుకు పోయినా ఇదే ప్రశ్న. ఇన్నేళ్లుగా జవాబు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

ఆ తుపాకి మా తాతది. మదరాసులో కొని, రైల్లో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చినాడట. కన్నబిడ్డనైనా అట్లా ఎత్తుకోలేదని మా జేజి చచ్చేదాకా దెప్పింది. నాయన కాలానికి వేట నిషేధమై, చేను కాపలాకని లైసెన్సు మిగిలింది. ఆదివారం మధ్యాహ్నాలు నాయన గొట్టంలో నూనెగుడ్డ దూర్చి తుడుస్తుంటే, బోల్టు లాగి తోసే పని నాది. నున్నగా జారి టక్కున కూర్చునే ఆ చప్పుడూ, నూనె వాసనా, అరచేతికి చల్లగా తగిలే ఆ నల్లకర్రా ఈనాటికీ నాకిష్టం. మా అన్నకు మాత్రం అదొక పాత ఇనుము.

నాకు ఇరవై ఏళ్లప్పుడు, చెనక్కాయలు భూమిలో ఊరే రోజుల్లో, తెల్లారేసరికి అడవిపందులు చేలో పడినాయి. నన్ను వెంటబెట్టుకుని వాటిని తరమబోయిన నాయన గట్టు మీద జారి పడినాడు, కాలు మెలిపడింది, తుపాకి నా కాళ్ల దగ్గర పడింది. గుంపులోని పెద్దపంది నేరుగా ఆయన మీదికే వచ్చింది. ఆయన కాల్చమని అరిచినాడో వద్దని అరిచినాడో నాకు తెలియలేదు. తుపాకి ఎత్తి నొక్కేసినాను. భుజం ఊడిపోయిందనుకున్నాను. ఆ మోతకు పంది గిర్రున తిరిగి చెరుకుతోటలోకి పారిపోయింది. తూటా మాత్రం మోటారు రూము తలుపును తొలుచుకుని పోయి లోపలి స్టార్టరును పగలగొట్టింది.

ప్రాణం కాపాడిన కూతుర్ని దగ్గరికి తీసుకుంటాడనుకుంటిని. "పంది యాడుండాది, మోటారు యాడుండాది మే?" అన్నది ఆయన మొదటి మాట! ఆ మాటే ముప్పయ్యేళ్లు అన్నాడు. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లను కూడా తీసుకెళ్లి ఆ తలుపు చూపించినాడు. రెండు సంబంధాలు అట్లానే తప్పిపోయినాయి. మూడో ఆయన ఆ బొక్కలో వేలు పెట్టి చూసి నవ్వినాడు, ఆయన్నే చేసుకున్నాను.

నాయన మంచాన పడినాక, నేను పక్కనే ఉండగా, నా వైపు చూడకుండా మా అన్నతో అన్నాడు: "తుపాకి పాపకేరా. ఆ పొద్దు అది కాల్చబట్టే నేనింకా ఉండాను." మరుక్షణమే, "మోటారుకు దూరంగా పెట్టుకోమని చెప్పు" అని చేర్చినాడు. ఏడవాలో కసరాలో తెలియక రెండూ చేసినాను.

అన్న వాటా ప్లాట్లయింది. నా మూడెకరాలు కౌలుకిచ్చినాను. మొన్న చూడబోతే చేను చుట్టూ పాతచీరలు కట్టి ఉన్నాయి. ఆ రంగులకు పందులు బెదురుతాయట. కాపలాకు మనిషి అక్కర్లేదు, ఎవరి కాలూ మెలిపడదు, మంచిదే. కానీ ఇంట్లో రెండు మాటలు కలిపి మాట్లాడని నాయన, ఆ గట్టు మీద పందుల కోసం కాచుకున్న తెల్లవారుజాముల్లో, తను చదవాలనుకుని చదవలేని చదువు గురించీ, చిన్నప్పుడే పోయిన తన చెల్లెలి గురించీ నాకు మెల్లగా చెప్పేవాడు. పందులిప్పటికీ ఆ చీరల దాకా వస్తూనే ఉన్నాయి. వాటికోసం ఎదురుచూస్తూ పక్కపక్కన కూర్చునేవాళ్లే ఆ చేలో లేరు.