కలివి పండ్లూ, మా ఆవిడ బావా

ఆ రోజుల్లో మగవాడికి అసూయ పుట్టడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు, పొదకు కాసే పండు చాలు. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. నాకు రాయచోటిలో గుమాస్తా ఉద్యోగం, కొత్త కాపురం. మా ఆవిడది వేంపల్లె దగ్గర పల్లెటూరు. రాగిసంగటి అమృతంలా చేసేది కానీ, నేను రెండో ముద్ద అందుకునేలోపు వాళ్ళ బావ ఊసెత్తేది. ఆ బావ గుట్టలెక్కి తువ్వాలు నిండా కలివి పండ్లు కోసుకొచ్చేవాడట. "నల్లగా నిగనిగలాడతాంటాయి. నోట్లో ఏసుకుంటే శక్కెరే!" అనేది కళ్ళు మూసుకుని. (ఆ కళ్ళు మూసుకోవడమే నాకు ఒళ్ళు మండించేది.) వరసకు ఆమెను చేసుకోవలసినవాడు. వాళ్ళ జాతకాలు కుదరక ఆమె నాకు దక్కింది.

పట్టుబట్టి బజారులో కిస్మిస్ పొట్లం కొని తెచ్చాను. ఆమె పాయసం చేసి, తిని, "బాగుండాది గానీ, ఎండిన పండు ఎండిన పండే. మా బావ తెచ్చే..." అంది. పోనీ పెరటి కంచెకు కాసిన వాక్కాయలైనా మెచ్చుకుంటుందా అంటే, "ఇవి పప్పులోకీ ఊరగాయలోకీ బాగుంటాయి. కలివిపండు వీటికి చెల్లెలే, సన్నగా ఉంటాది, శానా తీపి" అని తేల్చేసింది. ఆ ఆదివారం పొద్దున్నే ఉతికిన తెల్లచొక్కా తొడుక్కుని (వినాశకాలే అంటారు చూడండి) గుట్టెక్కాను.

కలివి పొదకు ముళ్ళు జంటలు జంటలుగా ఉంటాయని నా చేతులు చెప్పాయి. నల్లవి ఒక్కటీ కనపడలేదు. ఎర్రబారినవి బోలెడు. ఎరుపెక్కితే పండినట్టే కదా అని తెంపాను. ప్రతి కాయా తెల్లటి జిగురుపాలు చొక్కా మీద కార్చింది. ఇంటికొచ్చి ఆమె ముందు గర్వంగా కుమ్మరించాను. ఒకటి కొరికింది, ముఖం ముడుచుకుపోయింది. కాయలు చీల్చి, గింజలు తీసి, జిగురు వదలడానికి మజ్జిగలో వేసి, ఉడికిన కందిపప్పులో కలిపింది.

సరిగ్గా విస్తళ్ళు వేసే వేళకు దిగాడు బావ, ఎద్దుల సంతకు వచ్చానంటూ. ఆరడుగుల మనిషి, కోరమీసం. ఆమెకు బావ అంటే నాకు వరసకు అన్న. "ఏమప్పా తమ్ముడా, బాగుండావా?" అని వీపు చరిచాడు. లేచి నేనే పీట వేయాల్సి వచ్చింది. పప్పు ఒక ముద్ద తిని మీసం వణికించాడు.

"ఏం పిల్లా, కలివికాయలా ఇవి? నల్లబడాలంటే ఇంకా నెల పడతాది గదా! యాడి తిక్కలోడు తెంపినాడు?"

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. ఆమె గానీ నవ్విందంటే ఆ ఇంట్లో నా మగతనం ఆ పూటతో సరి. ఆమె నా చేతుల మీది గీతలు చూసింది.

"మా ఆయప్పే తెచ్చినాడు బావా. నాకు తీపి కంటే ఇట్ల పుల్లగుంటేనే ఇష్టం" అని నా విస్తట్లో ఇంకో గరిటె పప్పు వేసింది. బావ తలొంచుకుని తిన్నాడు. నేను మళ్ళీ మళ్ళీ వడ్డించుకున్నాను. పళ్ళు జివ్వుమంటున్నా ఆపలేదు.

ఆ మాట నిజమా, నా పరువు నిలబెట్టడానికి అన్నదా అని ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు అడగబోయాను. ముసలివాడికి ఇదేం కుళ్ళు అని నాకే నవ్వొచ్చి ఆగిపోతాను. అడిగితే నిజమే అంటుంది, నాకు తెలుసు. అనేముందు కాస్త ఆలోచిస్తుందేమోననే నా భయం.