పాట మానేసిన తండేలు

సముద్రానికి హద్దు గీసి, దాని నురుగును ఇసుక దగ్గర ఆపిన దేవునికే మహిమ! నా చేతులకు వాటి పని నేర్పినవాడు ఆయనే, నేను పోగొట్టుకున్నదాన్ని తిరిగి ఇచ్చినవాడూ ఆయనే గనుక, సహోదరులారా, సహోదరీలారా, మొదట ఆయనను స్తుతించి, ఆ తర్వాతే నా సంగతి చెబుతాను.

నేను గోపాలపురం రేవులో తండేలును. స్టీమరు ఒడ్డుదాకా రాదు కాబట్టి దూరంగా నిలిచిన దాని దగ్గరికి రంగూను వెళ్లే జనాన్ని, బరంపురం గేట్ బజారు వర్తకుల మూటలను మేమే పడవల్లో చేరవేస్తాం. మా పడవలకు మేకులుండవు, పలకలను కొబ్బరితాడుతో కుడతారు, కెరటం కొడితే పడవ వంగుతుంది గాని విరగదు. వెనుక నిలబడి పెద్ద తెడ్డు పట్టేవాడే తండేలు. కెరటాల మధ్య ఏ సందులో పడవను తోయాలో అతనే చూడాలి. పడవ అడ్డం తిరిగిందా, అందరూ నీళ్లలోనే! తండేలు పాట ఎత్తుకుంటే తెడ్లు వేసేవాళ్లు బదులు పలుకుతారు. అది మా తాతల నాటి పాట, గంగమ్మను పిలిచే పాట.

బాప్తిస్మం తీసుకున్న నాడే నేను ఆ పాట మానేశాను. మానమని ఎవరూ చెప్పలేదు, నాకే తోచింది, అది మంచిదే. కాని దాని చోట ఏమీ పెట్టలేదు, నోరు మూసుకుని పడవ నడిపాను. ఊడ్చి శుభ్రం చేసి ఖాళీగా వదిలేసిన ఇంట్లోకి దయ్యాలు మళ్లీ చేరడం గురించి ప్రభువు చెప్పిన మాట మీకు జ్ఞాపకమే కదా? నా నోరే ఆ ఇల్లయింది. ఖాళీ ఇంట్లోకి భయం వచ్చింది, భయం వెనకాలే అసూయ వచ్చి పీట వేసుకుని కూర్చుంది!

అంతవరకు నా చేతులను నేను ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు చూడసాగాను. తెడ్డు ఎక్కడ పట్టాను, ఎంత తిప్పాను, మడమ సరిగా ఆనిందా అని నన్ను నేను ప్రశ్నించుకుంటూ ఉండగానే కెరటం మీదికి వచ్చేసేది. అన్నం తినేవాడు తన నాలుక ఎటు తిరుగుతోందో ఆలోచిస్తే నాలుక కరుచుకోడా? ఒక ఉదయం పడవ అడ్డం తిరిగి జనమంతా నీళ్లలో పడ్డారు. దేవుని కృపవల్ల అందరూ ఒడ్డెక్కారు. నా తెడ్డు మాత్రం నా బావమరిది నూకరాజు చేతికి వెళ్లింది, నేను వాడి పడవలోనే చిన్న తెడ్డు వేసేవాణ్ణయ్యాను.

అయ్యో, ఆ రోజులు! వాడు వెనుక నిలబడి పాడుతుంటే కెరటాలు వాడి కోసమే పక్కకు జరుగుతున్నట్టుండేది. ఇంటికి వస్తే నా భార్య, “మా తమ్ముడు తెడ్డట్టితే సంద్రం మాట ఇంటాది” అనేది, నేను గంజి ముంత పక్కకు తోసేసేవాణ్ణి. వాడు ఎవరితో నవ్వినా నా గురించే అనుకునేవాణ్ణి. గంగమ్మకు మొక్కేవాడికి ఆ చేయి, నిన్ను నమ్మిన నాకు ఈ వణుకా అని దేవునితోనే వాదించాను. ఒక ఆదివారం కూటంలో మోకరించి, “ప్రభువా, వాడి పడవ కూడా ఒక్కసారి అడ్డం తిరగనీ, ఒక్కసారి చాలు” అని ప్రార్థించాను. ఆ పడవలో నేనూ కూర్చుంటానన్న సంగతే మరచిపోయాను!

కొన్నాళ్లకు దక్షిణపు గాలి గట్టిగా వీస్తున్న ఒక రోజు, మొదటి ప్రయాణంలోనే తెడ్డు ఎదురుతన్ని నూకరాజు భుజం బెణికింది, ఎలాగో పడవను తిరిగి ఒడ్డుకు తెచ్చాడు. రంగూనులో ఉన్న భర్తల దగ్గరికి వెళ్లే ఆడవాళ్లు పిల్లలతో ఇంకా ఒడ్డునే ఉన్నారు, స్టీమరు కూత వేస్తోంది. వాడి బాధ చూసి నా గుండెలో ఏదో తియ్యగా కదిలింది, సిగ్గుతో చెబుతున్నాను. అంతలో వాడే నన్ను పిలిచాడు.

“బావా, నువ్వే పట్టాల. ఇంకెవుడున్నాడు?”

“ఆడా! ఆడు తెడ్డట్టితే మనందరికీ తానం తప్పదురా!” అన్నాడు ముందు కూర్చున్నవాడు. అందరూ నవ్వారు. నూకరాజు నవ్వలేదు. భుజం పట్టుకుని వచ్చి నా కాళ్ల దగ్గరే కూర్చున్నాడు.

ఆ తల్లులను, పిల్లలను ఎక్కించుకుని, వెనుక తెడ్డు పట్టి కెరటాల్లోకి వచ్చేసరికి నా చేతులు కర్రలయ్యాయి. తల్లుల ముఖాలు చూశాను, వాడి ముఖం చూశాను, మళ్లీ నా చేతులనే చూశాను. పడవ ముక్కు పక్కకు తిరగబోతోంది.

“ఏటి బావా, పడవ నడుపుతున్నావా, సేతి ఏళ్లు లెక్కెడుతున్నావా?” అని అరిచాడు వాడు. “పాటేదీ? సేతుల్ని ఒగ్గెయ్, ఆటి పని ఆటికి తెలుసు! పాటెత్తు!”

పాత పాట నాలుక చివరి వరకు వచ్చింది. పళ్లు బిగించి, “యేసయ్యా, నా నోరు నింపు!” అన్నాను. అంతే నా ప్రార్థన, సహోదరులారా! ఆ పాత వరుసలోనే, ఆ పాత తాళానికే, “ముందు నడిచే యేసయ్యా” అని నా నోటినుండి వచ్చేసింది. తెడ్లవాళ్లు, వాళ్లలో ఒక్కడూ విశ్వాసి కాడు, “హైలెస్సా!” అన్నారు. “దారి చూపే యేసయ్యా”, “హైలెస్సా!” నా మనసు ఆయన పేరు మీద ఉంది, కళ్లు నీళ్లమీదికి లేచాయి, సందు కనబడింది, నేను తిప్పకముందే చేతులు తెడ్డును తిప్పాయి! పడవ లేచింది, దిగింది, దాటింది. దేవునికే మహిమ! ఒక్క పసిబిడ్డ కూడా నిండా తడవలేదు.

“పాట బాగుంది బావా,” అన్నాడు నూకరాజు, “గొంతే కాకి గొంతు.”

నేను ఏడుస్తూ నవ్వాను. వాడి భుజం బాగైన రోజున తెడ్డు నా చేతులతోనే వాడికిచ్చాను. ఇప్పుడు నాకు వేరే పడవ ఉంది, రేవులో రెండు పాటలు వినబడతాయి. వాడి పాట నా పాటకంటే తియ్యగా ఉన్న రోజున ఆ పాత ముల్లు ఇంకా కదులుతుంది, అబద్ధమెందుకు? అప్పుడు ఇంకా గట్టిగా స్తుతి ఎత్తుకుంటాను.

ప్రియులారా, మీ చేతులను చూసుకుని వణికేవారూ, పక్కవాడి చేతులను చూసి కుళ్లేవారూ, ఆయనను నమ్మండి. ఇప్పుడే నాతో కలిసి ప్రార్థించండి: “ప్రభువా, నేను ఖాళీ చేసిన ప్రతి చోటా నీవే కూర్చో. నా కళ్లు నీ మీద నిలుపు. నేను ఎవరిని చూసి ఓర్వలేకపోతున్నానో, వారి పడవను నా పడవకంటే ముందు దాటించు.”