అంగుళాల బండికి పానాలు

పాత బండిని బాగు చేయడానికి ముందుగా ఏ సామాన్లు కొనాలని ఎవరైనా నన్నడిగితే, ముందు బానెట్ ఎత్తి లోపల ఏం మిగిలిందో చూసుకోమంటాను. నేను ఆ పని చేయలేదు. తిన్నగా కదిరికి పోయి, ఎర్ర ప్లాస్టిక్ పెట్టెలో తళతళలాడే పానాల సెట్టు ఒకటి కొనుక్కొచ్చాను. యాభై దాటినా నాకు మెరిసేవాటి మీద మోజు చావలేదు.

బండి మా నాయనది. పెట్రోలు జీపు. తనకల్లు నుంచి కదిరికి జనాన్ని ఎక్కించుకుని ఏళ్ళ తరబడి తిప్పాడు. లోపల పదిమంది, వెనక కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ళు నలుగురు, ముందు సీట్లో ఎవరివో శనక్కాయల మూటలు. ఆటోలు వచ్చాక జీపు ఎక్కేవాళ్ళు లేకుండా పోయారు. ఇంటి పక్కన నాలుగు రాతికూసాలు పాతి, పైన రేకులు కప్పి, నాయన దాన్ని లోపల పెట్టాడు. అప్పటినుంచి అది అక్కడే ఉంది.

మొన్న వేసవిలో కంటి డాక్టరు, నాయనకు పోయిన చూపు తిరిగి రాదని, ఉన్నది కూడా ఎక్కువ కాలం నిలవదని చెప్పాడు. బయటికొచ్చి బస్సు కోసం నిలబడ్డాం.

"సూపు పొయ్యేలోగా ఒగసారి జీపులో కదిరికి పోవల్లప్పా," అన్నాడు నాయన. "నువ్వే తోలు. నేను పక్కన కూసోని దారి సూస్తా."

ఆయన నన్ను ఏదైనా అడగడం నాకు గుర్తు లేదు. సరే నాయనా అన్నాను. ఇంజను గురించి నాకు తెలిసింది ఏమీ లేదని అప్పుడు గుర్తుకు రాలేదు.

ఫోన్లో వీడియోలు చూశాను. వాటిలో గారేజీ గచ్చు మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. గోడకు పానాలు పెద్దా చిన్నా వరసన వేలాడుతుంటాయి. మా గారేజీలో దుమ్ము, శనక్కాయ పొట్టు, డ్రైవరు సీట్లో పొదుగుతున్న కోడి ఉన్నాయి. అయినా వాళ్ళు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని కొన్నాను. బిగువు కొలిచే పానా కూడా కొన్నాను. దేన్నైనా విప్పగలిగితే కదా మళ్ళీ బిగించేది.

మొదటి నట్టుకు పదమూడో నంబరు పానా వేశాను. సరిపోయినట్టే ఉంది. బలంగా లాగితే జారి, నా వేళ్ళు పోయి ఇనుముకు కొట్టుకున్నాయి. మూడు నట్ల మూలలు అలా అరగదీశాక, వేపచెట్టు కింద మంచం మీద పడుకున్న నాయన లేచి కూర్చున్నాడు.

"యా పానా అది?"

"పదమూడు నాయనా."

"అది అంగుళాల బండిరా. మిల్లీమీటర్ల పానా యాడ పడతాది దానికి. శబ్దమే సెప్తాంది."

చూపు సరిగా ఆనని ఆయన చెవులతో పట్టుకున్నది నేను రెండు కళ్ళతో పట్టుకోలేకపోయాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

నాయన దగ్గర ఒకప్పుడు అంగుళాల పానాలు పెట్టె నిండా ఉండేవి. ఇప్పుడు తీస్తే మూడే ఉన్నాయి. మిగతావి బోర్లు మింగాయి. ఊళ్ళో ఎవరి బోరు ఎండిపోయినా, మోటారు పైకి లాగాలంటే పానాలు మా ఇంటినుంచే పోయేవి. బోరు ఎండినవాడి ఇంటికి పోయి పానా ఇవ్వమని ఎలా అడుగుతాం? నాయన అడగలేదు. ఊరి బోర్లు ఒక్కొక్కటిగా ఆగిపోతుంటే మా పెట్టె కూడా అలాగే ఖాళీ అయ్యింది.

చివరికి, ఆ రోజుల్లో ఈ జీపుకు పని చేసిన కదిరి మేస్త్రీని బతిమాలి పిలిపించాను. ఆయన షెడ్డు మూసేసి చాలా కాలమైంది. భుజాన గోనెసంచితో బస్సు దిగాడు. అందులో అంగుళాల రింగు పానాలు, పొడుగు పిడి ఉన్న సాకెట్లు, వైరు బ్రష్షు, ఒక స్క్రూడ్రైవరు, సుత్తి, మూరెడు ఇత్తడి కడ్డీ ఉన్నాయి. ఇనుమును నేరుగా సుత్తితో కొడితే పగులుతుందట, మధ్యలో ఇత్తడి పెట్టి కొట్టాలట.

"ఇంతేనా అన్నా?" అన్నాను.

"ఇంతే. బండిలో ఉసురుంటే ఇవి సాలు. లేకుంటే అంగడంతా మోసుకొచ్చినా ఇంతే."

మధ్యాహ్నానికి ఇంజను పైభాగం ఊడి వచ్చింది. పాచిపోయిన అప్పడాల వాసన గుప్పుమంది. నాలుగు పిస్టన్ల చుట్టూ ముదురు పాకంలా ఏదో గడ్డకట్టి ఉంది. మేస్త్రీ గోటితో గీకి వాసన చూశాడు. మంచం వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇది ఇంజినాయిలు కాదప్పా. శనక్కాయ నూనె. ఎవురు పోసినారు?"

ఎవరు పోశారో నాకు తెలుసు. ఏటా ఆయుధపూజకు నాయన పానాలన్నీ తుడిచి, కుంకుమ పెట్టి, జీపు ప్లగ్గులు విప్పి ఒక్కో రంధ్రంలో గిన్నెడు గానుగాడించిన శనక్కాయ నూనె పోసేవాడు. ఆడకుండా ఉన్న ఇంజను బిగుసుకుపోకూడదని. మాకు తలుపు కిర్రుమన్నా, బావి గిలక అరిచినా, కుట్టుమిషను మొరాయించినా ఆ నూనే. పసిపిల్లల మాడుకూ అదే. ఇనుముకు మాత్రం వేరే నూనె కావాలని ఎవరికి తోస్తుంది? ఇన్నేళ్ళ ఎండకు రేకుల కింద ఆ నూనె ఉడికి ఉడికి బంక అయిపోయింది.

వారం రోజులు డీజిల్ పోసి నానబెట్టాం. ఇత్తడి కడ్డీ పెట్టి కొట్టాం. ఒక్క పిస్టనూ వెంట్రుకవాసి కదల్లేదు.

"ఇంజిను బ్లాకే మార్చల్ల. దీనికి బ్లాకు యాడ దొరుకుతాది? పాతినుము అంగళ్ళలో గూడా లేవు," అన్నాడు మేస్త్రీ.

"ఏం పొయ్యకుండా ఊరికే ఇడిసిపెట్టింటే?"

ఆయన సామాన్లు సంచిలో వేసుకుంటున్నాడు. "కొంచెం తుప్పు పట్టింటాది. కొడితే వచ్చింటాది."

ఆ మాట వినకుండా ఉండాల్సింది. పట్టించుకోని కొడుకు చేతిలో బతికేది, ప్రాణంగా చూసుకున్న మనిషి చేతిలో చచ్చింది. నాయనకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పైభాగం మళ్ళీ పెట్టి బిగించేశాం. సామాను రావాలి నాయనా, బెంగళూరులో చెప్పాం అన్నాను. రోజూ అడిగాడు, రోజూ అదే చెప్పాను. కొన్నాళ్ళకు ఆయన కళ్ళకు వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియకుండా పోయింది. ఈ ఏడు వాన కూడా ముఖం చాటేసింది, శనక్కాయ చేలు పూతలోనే మాడాయి. జీపులో కూర్చున్నా ఆయనకిక దారి కనిపించదు. అయినా అడగడం మానలేదు.

ఆయుధపూజ వచ్చింది. గోనెపట్ట మీద మిగిలిన మూడు పానాలు పరిచాను. నాయన వాటిని బొటనవేలితో తడిమి, ఏది ఎంత సైజో చెప్పి, తుడిచి, బొట్టు పెట్టించాడు. నేను కొన్న సెట్టు పక్కనే ఉంది.

"దానికీ పెట్టు. దాని తప్పేముండాది," అన్నాడు.

తర్వాత నూనె అడిగాడు. నా భార్య నా ముఖం చూసింది. ఇంజినాయిలు డబ్బా ఇంట్లోనే ఉంది గానీ వాసన బట్టి కనిపెట్టేస్తాడు. గానుగ నూనే తెమ్మన్నాను. మొదటి ప్లగ్గు విప్పి, ఆయన చెయ్యి పట్టుకుని గిన్నెను రంధ్రం దగ్గరికి తెచ్చాను. కొంచెం దిగింది. అంతే, అంచుదాకా నిండి నిలబడిపోయింది. పొర్లి నా వేళ్ళ మీదుగా కారుతోంది.

"దిగుతాందా?" అన్నాడు.

"దిగుతాంది నాయనా."

"తాగనీ. కదిరి దాకా పోవల్ల గదా."

నేను రెండో ప్లగ్గు విప్పాను.