ఓబులయ్య గీసిన గోతాం

మా డ్రైవరు ఓబులయ్యన్నకి పిల్లి అంటే భయమని నాకు తెలుసు. మేడమ్‌కి తెలీదు. గొడవంతా అక్కడే వచ్చింది.

ఆయనది రాయచోటి దగ్గర పల్లె, నాది పాలకొల్లు. ఇద్దరం ఖతర్‌లో, ముఐథర్ అనే పేటలో ఒక జపాను వాళ్ళింట్లో పనిచేసేవాళ్ళం. నేను వంటకి, ఆయన కారుకి. సారు గ్యాస్ కంపెనీలో ఇంజనీరు. తొంభై ఆరో, తొంభై ఏడో, సరిగ్గా గుర్తులేదు. ఆ వీధుల్లో మనుషులకన్నా పిల్లులే ఎక్కువ తిరిగేవి.

ఓబులయ్యన్న ఆరడుగుల మనిషి, నిమ్మకాయలు నిలబెట్టే మీసాలు. అంత మనిషీ పిల్లి అడ్డమొస్తే కారు ఆపేసేవాడు. ఇంజను కట్టేసి, సీటు కింద సీసా తీసి గుక్కెడు నీళ్ళు తాగి, కళ్ళు మూసుకుని చేతులు జోడించి, అప్పుడు కదిలేవాడు. ఆ పట్టింపు మా వైపూ ఉందిలెండి. కానీ ముఐథర్‌లో దాన్ని పాటిస్తే సాయంత్రానికి కూడా ఆఫీసు చేరలేం. "ఇవి అరబ్బు పిల్లులన్నయ్యా, వీటికి మన శకునాలేం తెలుసు" అని ఏడిపించేదాన్ని. "పిల్లికి దేశముంటాదా శివమ్మా" అనేవాడు ఆయన, చాలా సీరియస్‌గా.

వెనక సీట్లోంచి ఇదంతా చూసిన మేడమ్, ఆయన పిల్లుల మీద ప్రేమతో ఆపుతున్నాడనుకుంది. దానికి దారిచ్చి దణ్ణం కూడా పెడుతున్నాడనుకుంది. అనుకోదా మరి? ఆవిడకి పిల్లులంటే ప్రాణం. నెలనెలా జపాన్ నుంచి ఆవిడకో బొమ్మల పుస్తకం వచ్చేది. అందులో అన్నీ పిల్లుల కథలే, నవ్వి నవ్వి పొట్ట చెక్కలయ్యేది. ఒక పిల్లి చేపని ఎత్తుకొచ్చి చెప్పులో దాస్తుంది, ఇంటావిడ ఆ చెప్పులో కాలు పెడుతుంది. మేము మన అలవాటు కొద్దీ ఎడమవైపు నుంచి చూస్తే, ఆవిడ ముందు కాలు పెట్టింది, పిల్లి తర్వాత దొంగతనం చేసింది. ఇదేం కథ అనుకున్నాం. ఆ పుస్తకాలు కుడి నుంచి చూడాలని మేడమే తిరగేసి చూపించింది. ఆ తర్వాత ఓబులయ్యన్న కారులో ఒక్కడే కూచుని వాటిని తిప్పుతూ కిసుక్కున నవ్వుకునేవాడు. కాగితం మీద పిల్లి అడ్డమొస్తే దోషం లేదట.

ఆ పుస్తకం చివర చదివేవాళ్ళు పంపే బొమ్మలకి చోటుండేది. మేడమ్‌కి గీయడం వచ్చు. ఓబులయ్యన్నని గీసింది. పెద్ద మీసాలు, ఆగిన కారు, దాని ముందు మహారాణిలా నడిచిపోతున్న మచ్చల పిల్లి, ఈయన చేతులు జోడించి వంగి ఉన్నాడు. ఆ పిల్లి మా గేటు దగ్గరదే. పేరు గోమా, అంటే నువ్వులట. మేడమ్ రోజూ దానికి చేప పెట్టేది. బొమ్మని కవర్లో పెట్టి జపాన్ పంపించింది.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆ గోమా పొద్దున్నే సారు కారు తీసే సమయానికే అడ్డమొచ్చేది. ఈయన ఆపడం, సారుకి ఆలస్యమవడం. సారు ఓపిక పట్టి పట్టి, ఒకరోజు ముఖ్యమైన మీటింగు తప్పిపోయేసరికి, "ఇంకోసారి ఇలా అయితే వేరే డ్రైవర్ని చూసుకుంటా" అనేశాడు. ఓబులయ్యన్నకి ఊళ్ళో ఇద్దరు ఆడపిల్లలు, చదువుకుంటున్నారు. ఉద్యోగం పోతే వీసా పోయినట్టే.

ఆ శుక్రవారం నా వంటింట్లోంచి బాస్మతి బియ్యం ఖాళీ గోతాం ఒకటి మాయమైంది. గోమా కూడా మాయమైంది.

మేడమ్ గోల అంతా ఇంతా కాదు. అన్నం ముట్టలేదు. పాపం, వెతకడానికి ఎవర్ని పిలిచింది? పిల్లుల్ని ప్రేమించే ఓబులయ్యనే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారు చూడండి, అలా ఆ లేన్లన్నీ ఆమెని తిప్పాడు. ఆమె కిటికీ దించి "గోమా, గోమా" అని పిలుస్తుంటే ఈయన స్టీరింగు వదలకుండా ముందుకే చూస్తూ కూచున్నాడట. ఇంటికొచ్చాక మేడమ్ ఆయన మొహం చూసి, "నాకంటే నువ్వే ఎక్కువ బాధపడుతున్నావు" అని కళ్ళు తుడుచుకుంది.

నేను ఆయన్ని వంటింటి వెనక్కి పిలిచాను. "అన్నయ్యా, నా గోతాం ఏది?" అన్నాను.

ఆయన నేల చూపులు చూశాడు. "షహానియాలో ఇడ్సి వచ్చినా శివమ్మా. మా ఆంజిగాడు ఒంటెలు మేపే కాడ. నీళ్ళుండాయి, నీడుండాది, సావదులే అనుకున్యా. ఆయమ్మ నన్ను ఓదారుస్తాంటే నా తల కొట్టేసినట్టుండాది."

"అలాంటప్పుడు వెళ్ళి తీసుకురా" అన్నాను.

వెళ్ళాడు కూడా. ఆంజి ఓబులయ్యన్న ఊరి కుర్రాడే, ఊరవతల ఎడారిలో షహానియా అనే చోట ఒంటెల దగ్గర పని. గోమా అక్కడ గడ్డి కొట్టంలో చేరి, ఒంటెపాలు తాగి హాయిగా ఉంది. కానీ ఓబులయ్యన్న అలికిడి వింటే చాలు, కొట్టం కిందకి దూరిపోయేది. ఆంజి పట్టబోతే మోచేతి దాకా గీరేసింది. "నువ్వు పెట్టిన భయం మామా, నువ్వే తీయల్ల. లేదంటే దానికి కూడెట్టిన ఆయమ్మని తోడకరా" అన్నాడట వాడు. ఉత్త చేతుల్తో తిరిగొచ్చాడు. మేడమ్‌ని తీసుకెళ్తే తను చేసింది చెప్పాలి. చెబితే ఉద్యోగం ఉంటుందా? చెప్పకపోతే ఆ పిల్లి రాదు. మీసాలాయన వారం రోజులు నా వంటకి వంకపెట్టకుండా తిన్నాడు. నాకు అప్పుడే భయమేసింది.

ఇంతలో పుస్తకం వచ్చింది. అందులో మేడమ్ బొమ్మ అచ్చయింది. బొమ్మ కింద ఏదో రాసి ఉంది. ఖతర్‌లో పిల్లులకి దణ్ణం పెట్టే మంచి డ్రైవరు అని దాని అర్థమట, మేడమే చెప్పింది. మమ్మల్నిద్దర్నీ హాల్లోకి పిలిచి, ఆ పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, తల వంచి, ఓబులయ్యన్నకి ఇచ్చింది. వాళ్ళ పద్ధతది. ఈయనా రెండు చేతులా తీసుకోవాల్సి వచ్చింది.

ఆయన ఆ బొమ్మ ఉన్న పేజీ తెరిచాడు. బల్ల మీద పెన్సిలుంది. తీసుకుని, పుస్తకం బల్ల మీద పెట్టి, బొమ్మలో తన చెయ్యి పక్కన ఒక గోతాం గీశాడు. నోరు కట్టేసిన గోతాం. గీత వంకరటింకరగా పోయింది. ఆ గోతాంలోంచి ఒక తోక బయటికొచ్చినట్టు గీసి, దాని మీద నల్లచుక్కలు పెట్టాడు. "మేడమ్, నేనే. షహానియా" అన్నాడు.

మేడమ్ ఆ తోక మీద చుక్కల్ని వేలితో తాకింది. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. "తిట్టినా బాగుండు" అని ఓబులయ్యన్న ఆ రాత్రే పెట్టె సర్దుకున్నాడు.

పొద్దున్నే ఆవిడ నెత్తిన స్కార్ఫు కట్టుకుని వచ్చి వెనక సీట్లో కూచుంది. నన్నూ రమ్మంది. "షహానియా" అంది అంతే.

ఒంటెల దొడ్డి దగ్గర ఓబులయ్యన్న కారు దిగలేదు. తన్ని చూస్తే పిల్లి బెదురుతుందని అద్దాలెత్తుకుని తల వంచుకుని కూచున్నాడు. మేడమ్ గడ్డి కొట్టం ముందు మోకాళ్ళ మీద కూచుని పిలిస్తే గోమా నింపాదిగా బయటికొచ్చింది, ఏమీ జరగనట్టు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెనక్కి బయల్దేరాం.

ముఐథర్ మలుపులో ఇంకో పిల్లి, నల్లది, అడ్డమొచ్చింది. ఓబులయ్యన్న కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. ఇంత జరిగాక కూడా ఆపాలా ఈ మనిషి?

మేడమ్ ముందుకి వంగింది. "ఎందుకు ఆపావు?" అంది.

అన్నాళ్ళలో ఆవిడ ఆ మాట అడగడం అదే మొదలు. ఆయన అద్దంలో కూడా ఆమె మొహం చూడలేకపోయాడు. "భయం మేడమ్" అన్నాడు. "పిల్లి వస్తే చెడ్డది అంటారు మా ఊళ్ళో. చిన్నప్పట్నుంచి భయం." వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు.

ఆవిడ గోమా వీపు నిమిరింది. తర్వాత సీటు కిందకి వంగి, ఆయన నీళ్ళ సీసా తీసి, రెండు చేతులా పట్టుకుని ఆయనకి అందించింది.

"తాగు. భయం పోయాక వెళ్దాం" అంది.

ఓబులయ్యన్న సీసా అందుకున్నాడు గానీ మూత తీయలేకపోయాడు. స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాడు.