ఖాళీ దగ్గర కోత

పది వరసల కోడ్ చేసే పనిని, అక్షరాల్ని వెతికి విడగొట్టే ఒక్క వరస రెజెక్స్ సూత్రంతో తేల్చేస్తానని మెయజాకు గర్వం. పెదవి కొరుక్కుంటూ, బల్ల మీద వేలితో తాళం వేస్తూ రాస్తుంది. రాసింది మళ్ళీ చూసుకోదు. అడిస్ అబాబా కంటి ఆసుపత్రి రోగుల జాబితానూ అలాగే, ఖాళీ కనబడ్డ చోటల్లా తెగ్గొట్టి గడుల్లో సర్దేసింది.

మధ్యాహ్నం గాబీ శాలువా కప్పుకున్న ముసలాయన ఆమె కూచునే ఆసుపత్రి కిటికీ దగ్గరికొచ్చాడు. "పొద్దున్నుంచీ కూచున్నానమ్మా, నన్ను పిలవలేదు. తెక్లె హైమనోత్ నా పేరు."

ఆమె వెతికి చూస్తే, రెండు మాటల ఆ ఒక్క పేరులో రెండో మాట తండ్రి గడిలోకి, తండ్రి పేరు వయసు గడిలోకి జరిగి, ఆయన వరసే జాబితాలోంచి రాలిపోయింది. మెయజా చెవులు వేడెక్కాయి.

"తప్పు నాదే తాతా."

"పోనీలే తల్లీ. ఇంతకీ ఎవరి బిడ్డవు?"

మెయజా తాను రాసిన వరసను మొదటిసారి తిరిగి చూసింది. వాళ్ళ నాన్న పేరు గెబ్రె కిదాన్, అందులోనూ మధ్యన అదే ఖాళీ.