దెంసెల్పుకు పంచిన బెల్లం

నా చిన్నప్పుడు, పెద్దపంజాణి దగ్గర మా ఊళ్లో, మగబిడ్డ పుడితేనే ఇంటింటికీ బెల్లం పంచేవాళ్లు. నేను పుట్టినప్పుడూ, మా చెల్లి పుట్టినప్పుడూ బెల్లం మా గడప దాటలేదు. అమ్మ మూడోసారి కడుపుతో ఉంది. ఈసారీ ఆడపిల్లే అయితే నీళ్లకాడ నలుగురి మొహం ఎట్లా చూడాలా అని ఆమె దిగులు. అవ్వేమో కడుపులో బిడ్డను అప్పుడే 'వాడు' అనేది. ఆ మాట వినబడితే చాలు, అమ్మ తినే ముద్ద వదిలేసి లేచిపోయేది.

పక్కింటి అక్క మదనపల్లెలో కాలేజీ చదివేది. సెలవులకొచ్చి, మా అరుగు మీద కూర్చుని నాకొక ఇంగ్లీషు మాట చెప్పింది, 'దెమ్‌సెల్ఫ్' అని.

"ఎవురో ఒకరు వాకిలి తీసుకోని తమంతట తామే లోపలికొచ్చినారు. ఆడో మగో మనం సూడలేదు. అట్లా మనిషికి ఈ మాట."

చాలామంది వాడరట, తప్పని కొట్టేసేవాళ్లూ ఉన్నారట. గొర్రెలు తోలుకొచ్చిన మా తాతయ్య కర్రకు ఆనుకుని అంతా విన్నాడు.

"అయితే మనింటికి వస్తాండేది గూడా ఆ మనిషే కదమ్మా. దెంసెల్పు!"

ఆనాటి నుంచి కడుపులో బిడ్డకు అదే పేరు. మొదట మూతి తిప్పిన అవ్వ కూడా, కొన్నాళ్లకు "ఏమే, మీ దెంసెల్పు తంతాండాదా?" అని అడగసాగింది. అమ్మ చాన్నాళ్లకు నవ్వింది.

కాన్పయిన పొద్దున, లోపల బిడ్డ కేరుమనగానే తాతయ్య బెల్లం తట్ట నా చేతికిచ్చాడు. అవ్వ అడ్డం వచ్చింది.

"యాలప్పా తొందర? ఏం బిడ్డో తెలియనీ!"

"ఏడస్తాండాది కదా. ఇంకేం తెలియాల?"

నేను పరుగు తీశాను. "మగబిడ్డా?" అని అడిగిన వాళ్లందరికీ "దెంసెల్పు!" అన్నాను. "అదేం బిడ్డే!" అని నవ్వుతూనే అందరూ నోరు తీపి చేసుకున్నారు. తిరిగి వచ్చేసరికి, ఆడపిల్ల అని మంత్రసాని చెప్పేసింది. అవ్వ నా చేతిలోని తట్ట వైపు చాలాసేపు చూసింది. అంచుకు అంటుకున్న బెల్లం గోటితో గీరి, లోపలికెళ్లి అమ్మ నోట్లో పెట్టింది.

ఆ చిన్న చెల్లెలు ఇప్పుడు కుప్పంలో కాపురముంటోంది. మదనపల్లె పక్కన అంగళ్లు ఊరి కాలేజీలో చదివే నా మనవరాలు మొన్న ఫోన్లో వెతికి, ఆ మాట నిజంగానే ఉందని చూపించింది. ఆ మాట నేర్పిన అక్కనూ, తట్ట ఇచ్చిన తాతయ్యనూ తలుచుకుని దండం పెట్టుకున్నాను. ఎవరింట్లో కాన్పయిందని విన్నా ముందు బెల్లం పంపుతాను. ఎవరు పుట్టారని అడగడం ఒక్కోసారి మరిచేపోతాను.